ఐరిష్ భాషకు ఇల్లు కావాలి

ఐర్లండ్ రాజ్యాంగం 1937లోనే ఐరిష్‌ను జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా ప్రకటించి, ఇంగ్లిష్‌ను రెండో స్థానంలో ఉంచింది. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 18 లక్షల 74 వేల మంది, అంటే మూడేళ్లు నిండినవాళ్లలో 40 శాతం, తమకు ఐరిష్ వచ్చని చెప్పారు. బడి చదువు బయట రోజూ ఆ భాషలో మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల లోపే. ఐరిష్ బాగోగులు తెలియాలంటే చూడాల్సింది ఈ రెండో అంకెనే. వచ్చని చెప్పుకోవడంలో అభిమానం ఉంది, అది చిన్న విషయమేమీ కాదు. కానీ పిల్లల్ని కోప్పడేటప్పుడు, పొరుగువాళ్లతో ముచ్చట పెట్టేటప్పుడు నోట రాని భాష ఎన్నాళ్లని నిలుస్తుంది?

1845లో మొదలైన బంగాళాదుంప కరవు సుమారు పది లక్షల మందిని బలిగొంది, ఇంకో పది లక్షల మందిని ఓడలెక్కించింది. ఐరిష్ మాట్లాడే పడమటి పేదపల్లెలే ఎక్కువగా ఖాళీ అయ్యాయి. బతకాలంటే అమెరికా పోవాలి, అక్కడికి పోవాలంటే ఇంగ్లిష్ రావాలి అనుకున్న తల్లిదండ్రులే పిల్లల దగ్గర తమ భాషను దాచుకున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. స్వతంత్రం వచ్చాక, 1935లో ప్రభుత్వం జానపద సంఘాన్ని నెలకొల్పింది. 1937–39 మధ్య దాదాపు 5,000 బడుల పిల్లలు అవ్వాతాతల్ని అడిగి దయ్యాల కథలు, నాటువైద్యాలు, మహిమగల బావుల ముచ్చట్లు రాసుకొచ్చారు. ఆ పుటల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉంది. అంటే కథ అప్పటికే భాష మార్చుకుంది.

అయితే భాష పోయినా సంస్కృతి మిగిలిందిగా, ఐర్లండ్ రచయితలు యేట్స్, జాయిస్ ఇంగ్లిష్‌లోనే రాశారుగా అని కొందరంటారు. బలమైన వాదనే. కానీ ఐరిష్ రాని యేట్స్‌కు జానపద కథలెన్నో అందించింది డగ్లస్ హైడ్, లేడీ గ్రెగరీ వంటి ఐరిష్ నేర్చినవాళ్లే. పైగా కథకు అనువాదముంది గానీ ఊరి పేరుకు లేదు. డబ్లిన్ అంటే నల్లమడుగు, డెర్రీ అంటే ఓక్ చెట్ల తోపు. భాష తెలియని చెవికి అవి వట్టి శబ్దాలు. ఐరిష్‌లో దుఃఖం మనిషి మీద ఉంటుంది, ఆకలీ మనిషి మీదే ఉంటుంది. ‘వచ్చావా’ అంటే ‘వచ్చాను’ అని క్రియతోనే జవాబిస్తారు, మనలాగే. ఈ చూపును ఏ భాండాగారమూ దాచలేదు.

నూరేళ్లుగా బడుల్లో నిర్బంధంగా నేర్పినా ఫలితం లేదనేది రెండో అభ్యంతరం. ఇల్లు చేయాల్సిన పనిని బడి నెత్తిన పెడితే అంతే అవుతుంది. భాష మీద యువతకు మోజు లేదనడం మాత్రం సరికాదు: ఐరిష్ సినిమా ‘అన్ కల్యీన్ క్యూన్’ 2023లో ఆస్కార్ పోటీదాకా వెళ్లింది, బెల్‌ఫాస్ట్ ర్యాప్ బృందం నీక్యాప్ ఆ భాషలో పాడుతోంది. లోటు వేరేచోట ఉంది. ఐరిష్ ఇంకా ఇంటిభాషగా ఉన్న గేల్‌టాక్ట్ ప్రాంతాల్లో రోజూ మాట్లాడేవాళ్లు 20 వేల పైచిలుకే. అక్కడ పుట్టిన జంటలకు అక్కడే ఇల్లు దొరకడం గగనమవుతోంది. సెలవుల విడిది ఇళ్లు, కట్టడాల అనుమతుల చిక్కులు అడ్డం పడుతున్నాయి. 1999లో క్లేర్ కౌంటీలోని లాటూన్ దగ్గర, యక్షిణులదని నమ్మే ఒక ముళ్లచెట్టు కోసం రహదారి నమూనానే సవరించారు. కనెమారా గేల్‌టాక్ట్‌లో కాపురం పెట్టదలచిన, ఐరిష్ మాట్లాడే జంట కోసం అనుమతుల నిబంధనను సవరించడం అంతకంటే కష్టమా?