మడత ఫోనునకు ప్రాణము బందు



పుస్తకమువలె మూసి తెరచు సెల్లుఫోనులు 2018వ సంవత్సరాంతమున మొదట అంగళ్లకు వచ్చినవి. నేడు మా రాయికోడ్ పిల్లలకును వానిమీద వేడుక కలుగుచున్నది. 2025లో శాంసంగువారు విడుదల చేసిన గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 7 వెల మన దేశమున 1,74,999 రూపాయలతో మొదలైనది. 2025-26 సంవత్సరమునకు పొడుగుపింజ పత్తికి ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. అనగా ఆ ఒక్క ఫోనునకై 21 క్వింటాళ్లకు మించిన పత్తి తూచి యీయవలయును. చిన్న రైతు సంసారమున నిది యొక యేటి పంట కావచ్చును. అంత సొమ్ము పోసి కొను వస్తువునం దేది ముందుగా చెడునో యెరుగుట గృహిణికి ఆవశ్యకము గదా! తెర మెరుపు చూచి మురియువారు పెక్కండ్రు. నడుమనున్న బందును పరీక్షించువా రరుదు.

మన అడకత్తెరను చూడుడు. ఒక్క చీల చుట్టును రెండు రెక్కలు తిరుగును. తలుపు బందును అట్టిదే. లాప్‌టాపునందు తెర యొక పలక, మీటలు వేరొక పలక. కనుక వాని నడుమ చీల గ్రుచ్చిన చాలును. మడత ఫోనున నట్లు కుదరదు. అచ్చట రెండు రెక్కలమీదను ఒకే తెర పరచియుండును. చీలను తెర క్రింద నమర్చి మూసితిమా, లోపలి తెరకు చోటు చాలక ముడుతపడి యుబ్బును. కాబట్టి తిరుగుడునకు కేంద్రము తెర మట్టమునకు చేరువగా నుండవలయును. కాని తెర యున్నచోట చీల పెట్టుట యెట్లు?

దీనికి ఉపాయము మన వంటయింటిలోనే కానవచ్చును. ఎండి చిప్పను వదలిన కుడుకను ఆ చిప్పలోనే త్రిప్పి చూడుడు. అది బోలుగా నున్న నడిమి చోటే కేంద్రముగా తిరుగును. అచ్చట చీలయు లేదు, మేకును లేదు. శిల్పులును ఇట్లే లోహమున వంపు గాడులు తొలిచి, వానిలో వంపు ముక్కలు జారునట్లు చేసిరి.

ఇక మడత సంగతి. పట్టుచీరను ఏండ్ల తరబడి ఒకే మడతమీద నుంచిన, ఆ మడత వెంట జరీ తెగుట మనమెరిగినదే. వంపు బిగువైనకొలది వెలుపలి పొర యెక్కువ సాగవలయును. పొర దళసరియైనకొలది ఆ సాగుడు మరింత హెచ్చును. 2020 నాటి జెడ్ ఫ్లిప్ తెరకు మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల దళసరి గల అద్దము వాడిరి. అట్టి అద్దమును ఒకటిన్నర మిల్లీమీటరు వ్యాసార్ధముతో వంచిన, వెలుపలి వైపు నూటికొక వంతు సాగును. ఆ మాత్రమునకే అద్దము మిక్కిలి శ్రమపడును. అందుచేత నేటి మంచి బందులు మూయునప్పుడు లోపలి పలకలను పక్కకు తొలగించి, తెర నీటిబొట్టు ఆకారమున వంగుటకు చోటిచ్చును. బందును పలుచన చేసినకొలది ఆ బొట్టునకు చోటు తగ్గును. ఈ పనిలోని చిక్కంతయు నిచ్చటనే యున్నది.

రెండు రెక్కలును సమముగా తిరుగుటకై చిన్న పళ్లచక్రములను, కోరిన కోణమున నిలుచుటకై స్ప్రింగులను, మిట్టపల్లములు గల బిళ్లలను అమర్తురు. 2019లో వచ్చిన తొలి గెలాక్సీ ఫోల్డ్ 276 గ్రాముల బరువుండి, మూసినప్పుడు బందువద్ద 17.1 మిల్లీమీటర్ల మందముండెను. 2025 నాటిది 215 గ్రాములు, 8.9 మిల్లీమీటర్లు. నేటి లెక్కకు ఆరు తులముల బరువు తగ్గినది! ఇది సులభసాధ్యము కాదు. రేకు దళసరి సగమైనచో దాని బిగువు సగమగుటగాక ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఆ లోటు తీర్చుటకే ఉక్కుకంటె తేలికయు, మిక్కిలి గట్టియునైన టైటానియమును కొందరు వాడుచున్నారు.

బందునకు పరమశత్రువు దుమ్ము. 2019 ఏప్రిలులో పరీక్షకై ఇచ్చిన గెలాక్సీ ఫోల్డులలో కొన్ని కొలది దినములకే చెడెను. బందు రెండు కొనలవద్ద సందులుండుటయు, లోనికి రేణువులు చేరుటయు అందుకు కారణములలోనివి. అమ్మకమును ఆపి, ఆ కొనలకు మూతలు వేసి, సెప్టెంబరులో విడిచిరి. 2020లో దుమ్మును ఊడ్చుటకై బందులోపల సన్నని కుంచెపోగుల నుంచిరి. అయినను జెడ్ ఫోల్డ్ 7 పై గల గుర్తు ఐపీ 48. అందలి 4 అంకెకు అర్థము, మిల్లీమీటరునకు మించిన రేణువులకు మాత్రమే అడ్డు కలదని. అదే యేట గూగులువారు పళ్లచక్రములు లేని బందుతో తెచ్చిన పిక్సెల్ 10 ప్రో ఫోల్డునకు ఐపీ 68 గుర్తు లభించినది. 6 అనగా దుమ్ము చొరనిదని అర్థము.

పత్తి యేరునప్పటి నూగు, కందులు నూర్చునప్పటి పొట్టు మిల్లీమీటరు కొలత చూచుకొని యెగురవు! జెడ్ ఫ్లిప్ బందు 2,00,000 మడతలకు ఓర్చునని 2020లో చెప్పిరి. దినమునకు నూరు మడతలైన నవి అయిదున్నర యేండ్లకు సరిపోవును. కాని ఆ పరీక్ష యంత్రము చేయునది. కళ్లములో జరుగునది కాదు.

కావున కొనదలచిన సోదరీమణులు ఐపీ తరువాతి తొలి అంకెను చదువుడు. సగము తెరచి బల్లమీద నుంచి, రెక్క జారునేమో చూడుడు. మడతమీద వ్రేలు పోనిచ్చి గాడి లోతు గమనింపుడు. తెర మార్పునకు ఎంత యగునో సొమ్ము చెల్లింపకముందే అడుగుడు. పొలము పనులకు వెళ్లు ఇంట మడత లేని ఫోనే మేలని నా యభిప్రాయము.

మీ ఆడపిల్లలు అడిగినచో కుడుకను చిప్పలో త్రిప్పి చూపుడు. క్షేత్రగణితము ఎందులకని విసుగుకొను బాలికకు అది చక్కని సమాధానము. ఇట్టి బందులను కొనుట మనకు భారము కావచ్చును గాని, వాని రచనను నేర్చుట మన బిడ్డలకు భారము కానేరదు.