మా ఇంట్లో రెండో సి షిఫ్టు

మా పటాన్‌చెరు వైపు పిల్లలకు అ ఆల కంటే ముందు ఏ, బి, సి షిఫ్టులు వచ్చేస్తాయని మేం నవ్వుకుంటాం. నవ్వుకే గానీ అది నిజం. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా బి, పది నుంచి తెల్లారి ఆరు దాకా సి. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు లేచాయి. ఇక అప్పటి నుంచి ఇక్కడి ఆడవాళ్ళు పొయ్యి వెలిగించే వేళ సూర్యుణ్ణి చూసి కాదు, ఫ్యాక్టరీ గేటును చూసే.

నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన వారంలో మా అత్తమ్మ నేర్పిన మొదటి పాఠం వంట కాదు. "కొడుకు సి షిఫ్టు జేసి వచ్చి పండుకున్నడు. రోలు ముట్టకు. గాజులు సుత సప్పుడు గావద్దు" అంది. ఆ రోజు నుంచి ఆ వారమంతా మా ఇల్లు ఒక గుడి. కిటికీకి పాత దుప్పటి. టీవీ బంద్. పాలబ్బాయి బెల్లు కొట్టడు. పిల్లలు గుసగుసలే. చుట్టాలొచ్చినా "ఆయన సి షిఫ్టు" అంటే చాలు, వాళ్ళే గొంతు తగ్గించి, ఒక చాయ తాగి లేచేవారు. ఎవరూ తప్పు పట్టుకునేవారు కాదు. ఈ ఊళ్ళో అది మర్యాద.

రెండేళ్ళ కిందట మా ఇంట్లోకి రెండో సి షిఫ్టు వచ్చింది. ఆ మర్యాద ఏమైందో చెబుతాను వినండి. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అమ్మాయి సంగారెడ్డిలో కంప్యూటర్ల డిగ్రీ చదివింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెక్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. ఇంటికి దాదాపు 20 కిలోమీటర్లు. పని ఏమిటంటే, అమెరికాలో ఎవరింట్లోనైనా కంప్యూటర్ మొరాయిస్తే, ప్రింటర్ కాగితం మింగితే, వైఫై రాకపోతే వాళ్ళు చేసే ఫోను ఇక్కడ మోగుతుంది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని దీన్ని నొక్కండి, దాన్ని తీయండి అని ఓపికగా చెప్పి బాగు చేయించాలి. వాళ్ళ పగలు మన రాత్రి కదా! న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు సాయంత్రం 6.30. అదీ వాళ్ళ ఎండాకాలంలోనే. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, మళ్ళీ మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుకుంటారు. అప్పుడల్లా మా అమ్మాయి డ్యూటీ కూడా గంట జరుగుతుంది. గడియారం తిప్పుకునేది వాళ్ళు, వంట మార్చుకునేది పటాన్‌చెరులో నేను!

సాయంత్రం ఐదింటికి క్యాబ్ వస్తుంది. మళ్ళీ తెల్లవారుజామున అదే క్యాబ్‌లో దింపుతారు. రాత్రిపూట ఆడపిల్లలతో పని చేయించుకోవాలంటే బండి, భద్రత కంపెనీయే చూడాలన్నది సర్కారు పెట్టిన షరతు. కాబట్టి రాకపోకల గురించి మాకు బెంగ లేదు. బెంగంతా ఇంటికి వచ్చాక మొదలైంది.

ఆరింటికి పడుకుంటుంది. ఏడింటికి నేను చట్నీకి మిక్సీ వేస్తాను. ఎనిమిదింటికి కుక్కర్ మూడు విజిల్స్. తొమ్మిదింటికి చెత్తబండి పాట. పదింటికి కూరగాయల బండి మైకు. పదకొండింటికి నేనే తలుపు తోసి, "లే అమ్మా, ఎండెక్కింది, బట్టలన్నా ఆరెయ్యి" అంటాను. ఒకసారి సంకటహర చతుర్థి నాడు రుద్రారం గణేశ్ గడ్డకు వెళ్ళి వస్తూ చుట్టాలు ఆగారు. "పిల్ల ఏది? ఇంకా పండుకుందా?" అన్నారు. నేను పరుగున వెళ్ళి లేపి, మొహం కడిగించి, చాయ ఇప్పించాను. కప్పులు అందిస్తుంటే దాని చేతులు వణికాయి. చుట్టాల్లో ఒకావిడ "ఆడపిల్ల పొద్దెక్కేదాక పండుకుంటే అత్తగారింట్ల ఎట్ల?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా అత్తమ్మ అయితే, "ఏసీల కూసుండి ఫోన్ల మాట్లాడుడు గూడ ఒక పనేనా?" అనేది. పైకి అనలేదు గానీ నా లోపల కూడా అదే ఉంది. చెమట కనిపిస్తేనే మనకు కష్టం కనిపిస్తుంది. ఇదే ఉద్యోగం మా అబ్బాయి చేసి ఉంటే పదకొండింటికి లేపి బట్టలు ఆరెయ్యమనేదాన్నా? మీరే చెప్పండి.

మొన్న ఆషాఢంలో ఒక రోజు ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. మా అబ్బాయి పరీక్ష ఫారం నింపాలి, అదే ఆఖరి రోజు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, లైన్‌లో ఉండండి అని పావుగంట సంగీతం. చివరికి ఒక అమ్మాయి పలికింది. "మేడమ్, మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "చేశాం తల్లీ, పొద్దున్నుంచి అదే చేస్తున్నాం. నీకు పని రాకపోతే ఇంట్లో కూర్చో. తెలిసినవాళ్ళకు ఇవ్వు ఫోను" అని గట్టిగా అరిచాను.

వెనకాల అలికిడి అయింది. మా అమ్మాయి. జుట్టు విరబోసుకుని, కళ్ళు ఎర్రగా. మాట్లాడకుండా చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను. "సారీ అండీ, మా అమ్మ. కొంచెం టెన్షన్‌లో ఉంది. చెప్పండి, ఏ లైటు చూడాలి?" అంది. ఎంత మెత్తగా అంది! ఇద్దరూ ఏవో నాలుగు మాటలు అనుకున్నారు. బల్ల వెనక్కి వంగి చూస్తే వైరు సగం ఊడి ఉంది. పొద్దున చీపురుతో లాగింది నేనే. మూడు నిమిషాల్లో నెట్ వచ్చింది. ఆ పిల్లకు థాంక్స్ చెప్పి, తర్వాత మార్కులు అడిగితే అయిదుకు అయిదు నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది.

"అమ్మా, రాత్రి ఒకాయన నాతోని గిదే మాటన్నడు. తెలిసినోళ్ళకు ఇయ్యమన్నడు. ఇంగ్లీషుల అన్నడు, గంతే" అని వెళ్ళి మళ్ళీ పడుకుంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి దాని పని గురించి అడిగాను. రెండేళ్ళలో మొదటిసారి! జీతం ఎంత, సెలవులు ఎన్ని అని అడిగాను గానీ, ఏం చేస్తావమ్మా అని ఎన్నడూ అడగలేదు. చెప్పుకొచ్చింది.

ఒక్కో కాల్ ఇన్ని నిమిషాల్లో ముగియాలని లెక్క ఉంటుందట. ఎక్కువైతే మార్కులు పోతాయి. బాత్రూమ్‌కు వెళ్ళినా తెర మీద నిమిషాలు తిరుగుతుంటాయి. అవతలివాళ్ళు తిడితే తిరిగి అనకూడదు, మనమే ముందు పెట్టేయకూడదు. ఏడుపు వస్తే మ్యూట్ నొక్కి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వు గొంతుతో మాట్లాడాలి. కొందరికి మన ఉచ్చారణ వింటేనే కోపం. కొందరికి భయం. ఎందుకంటే మన దేశం నుంచే కొందరు దొంగలు పెద్ద కంపెనీల పేరు చెప్పి, "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని అమెరికా ముసలివాళ్ళకు ఫోన్లు చేసి డబ్బులు గుంజారు. అలాంటి దొంగ కాల్ సెంటర్లను పోలీసులు మన హైదరాబాద్‌లోనూ పట్టుకున్నారు. వాళ్ళు చేసిన పాపానికి నిజాయితీగా పని చేసే పిల్లలు తిట్లు తింటున్నారు.

ఒక రాత్రి ఒక పెద్దావిడ ఫోన్ చేసిందట. భర్త పోయాడు. ఆయన ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి, అది తెరుచుకోవడం లేదు. మా అమ్మాయి గంటన్నర కూర్చుని ఒక్కొక్కటీ చెప్పి తెరిపించింది. ఆవిడ ఫోన్‌లోనే ఏడ్చి దీవించింది. కానీ ఆ వారం లెక్కలో ఆ గంటన్నర తప్పుగానే పడింది. "మరి ఇంకోసారి అట్ల చేస్తవా?" అన్నాను. "చేస్త" అంది. నా కడుపున పుట్టిన పిల్లేనా అని చూశాను.

సాయంత్రం ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన మాట తక్కువ మనిషి. చాలాసేపు ఊరుకుని, "ఇరవై ఆరేండ్లు మిషన్ కాడ నిలబడ్డ. కాళ్ళు గుంజినయ్, చెవులు పోయినయ్. కాని మిషన్ నన్ను ఎన్నడు తిట్టలె" అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే అమ్మాయి గది కిటికీకి దుప్పటి కట్టి ఉంది. అదే పాత దుప్పటి. అటక మీంచి ఆయనే తీసి కట్టారు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతులు మారాయి. మీ ఇళ్ళల్లో కూడా రాత్రి డ్యూటీ పిల్లలుంటే పనికొస్తాయని రాస్తున్నాను. మిక్సీ, రుబ్బుడు పనులు ముందురోజు సాయంత్రమే చేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పొద్దున వంటకు కుక్కర్ బదులు గిన్నెలో అన్నం వండి వారుస్తున్నాను. అమ్మాయి వచ్చాక కడుపు ఖాళీగా పడుకోనివ్వను, అలాగని బరువైనవీ పెట్టను. ఒక ఇడ్లీ, లేదా గోరువెచ్చని పాలు. ఒంటిగంటకు లేచాక అసలు భోజనం. రాత్రికి సద్దిలో జొన్నరొట్టె, ఏదైనా కూర, ఒక పండు పెడతాను. అర్ధరాత్రి దాటాక చాయ తగ్గించమన్నాను, ఆ చాయే పొద్దున నిద్రను చెడగొడుతుంది. అన్నిటికంటే ముఖ్యం చీకటి. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, అది వెలుతురును చూసి నడుస్తుందని పుస్తకాల్లో చదివాను. ఆ గడియారం లోపల ఎలా పని చేస్తుందో పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ బహుమతులేవీ తెలియకుండానే మా అత్తమ్మ కిటికీకి దుప్పటి కట్టించింది చూశారా!

ఇంకో మాట, మా అమ్మాయి మరీ మరీ రాయమంది. నిజమైన కంపెనీవాళ్ళు తమంతట తాము ఫోన్ చేసి మీ ఫోన్‌లో వైరస్ ఉందని చెప్పరు. అలా ఎవరైనా చెప్పి ఏదో యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో ఆట మొదలయ్యే వేళకే క్యాబ్ వచ్చింది. పట్టుచీరలోనే ఎక్కి వెళ్ళింది. అమెరికావాళ్ళకు మన బతుకమ్మ ఏం తెలుసు! ఒక సంబంధంవాళ్ళు "రాత్రి డ్యూటీనా?" అని సాగదీసి మళ్ళీ మాట్లాడలేదు. అప్పుడు మాత్రం నేను నవ్వి ఊరుకోలేదు. "వాళ్ళ నాన్న కూడా రాత్రి డ్యూటీయేనండీ, ఆ డ్యూటీతోనే ఈ ఇల్లు కట్టాం" అన్నాను.

నేను కూడా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు మొదట పేరు అడుగుతున్నాను. కోపం రాదని కాదు, వస్తుంది. పావుగంట సంగీతం వింటే ఎవరికి రాదు? కానీ ఆ సంగీతం పెట్టింది ఆ పిల్ల కాదు కదా. ఆ పిల్ల కూడా ఏ పటాన్‌చెరు నుంచో, ఏ జహీరాబాద్ నుంచో క్యాబ్ ఎక్కి వచ్చి ఉంటుంది. వాళ్ళమ్మ సద్ది కట్టి పంపి ఉంటుంది.

నిన్న పొద్దున పదింటికి కూరగాయల బండి వచ్చింది. నేను వంటింట్లోంచి బయటికి వచ్చేలోపే మా అత్తమ్మ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఓ కొడుకా, ఆ మైకు బంద్ జెయ్. మా మనుమరాలు సి షిఫ్టు జేసి వచ్చి పండుకున్నది" అంటోంది. ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా మైకు ఆపేశాడు. వంకాయలు కూడా మెల్లగానే తూచాడు.