షికారీయు చెఱువును

ఏటేటను చలికాలము ప్రవేశింపఁగానే ఉత్తరదేశములనుండి నీటిపక్షులు సికిందరాబాదు చుట్టుపట్లనున్న చెఱువులలో దిగుచున్నవి. హిమవత్పర్వతములను దాఁటి వచ్చు పట్టెతల బాతులు, సూదితోఁక బాతులు, పరజలు, మన కవులు విరహవర్ణనములకు వాడిన జక్కవలు వానిలోఁ గలవు. వానివెంట మనుష్యులును వత్తురు. పూర్వము తుపాకులతో వచ్చిరి. నేఁడు కెమెరాలతో వచ్చుచున్నారు. ఉభయులకును దారిచూపువాఁడొకఁడు కావలసియున్నాఁడు. ఆ దారిచూపువానిని గూర్చియు, వాఁడు నిలుచు చెఱువుగట్టును గూర్చియు మేము నేఁడు కొంత విచారింపఁదలఁచితిమి.

1798 సంవత్సరపు సంధి ననుసరించి ఆంగ్లసేన హుసేనుసాగరమున కుత్తరమున విడిసినది. 1806లో నిజాము సికిందర్ జా పేర ఈ పట్టణము వెలసినది. దండులోని దొరలకు బాతులను, ఉల్లంకిపిట్టలను కాల్చుట చలికాలపు వినోదములలో నొకటి. ఏ తుంగలో పక్షి దాఁగునో, గాలి యెటు వీచిన నది యెటు లేచునో దొర యెఱుఁగఁడు; గ్రామములోని వేఁటకాఁడెఱుఁగును. వానిని షికారీ యని పిలిచి, కొన్ని అణాలిచ్చి, వానిచేత పక్షులను లేపించి, దొరలు కాల్చిరి. నాఁటి షికారు గ్రంథములలో దొరల గుఱి విశేషముగా వర్ణింపఁబడినది. షికారీ పేరు అరుదుగాఁ గానవచ్చును.

ఆ కాలము గతించినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. మొదట అనుమతిపత్రములతో కొంత వేఁట సాగినను, 1991 సవరణముతో ఆ వాకిలియు మూయఁబడినది. నేఁడు కూలికి బాతులవేఁటకు దారి చూపువాఁడును వేఁటాడినవానితోపాటు నేరస్థుఁడే యగును. ఈ నిషేధమును మేము నిండుమనస్సుతో సమర్థించుచున్నాము. కాని చట్టము తుపాకిని తీసికొని ఊరకుండినది. పక్షిని గూర్చిన తెలివిడియే జీవనాధారముగాఁ గలవాని కది మఱియొక బ్రతుకుతెరువు చూపలేదు.

ఆ తెలివిడి యెంత విలువగలదో మన కడపజిల్లాయే నిరూపించినది. 1900 తరువాత ఎవరికిని కానరాక నశించెనని పండితులు నిశ్చయించిన కలివికోడి 1986లో అచ్చటి పొదలలో మరల దొరకినది. అది నీటిపక్షి కాదు. అయినను దృష్టాంతము మనకు వర్తించును. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు దానికై వెదకుచుండఁగా, పట్టి తెచ్చినవాఁడు స్థానికుఁడైన ఒక వేఁటకాఁడు. గ్రంథములలో మృతమైన పక్షి వానికి ఇరుగుపొరుగు.

అమెరికా పద్ధతి ఇచ్చట స్మరింపఁదగినది. అచ్చట బాతులవేఁట నేఁటికిని చట్టసమ్మతము. సంయుక్తప్రభుత్వపు పక్షిశరణ్యములలో కూలికి దారిచూపఁగోరువాఁడు ప్రత్యేకానుమతిని పొందవలెను. వేఁటాడువారు 1934 నుండి ఏటేటను ఒక బిళ్ల కొనవలెను. ఆ సొమ్ములో నూటికి 98 వంతులు పక్షులుండు చిత్తడినేలల రక్షణమునకు వినియోగమగుచున్నవి. తుపాకిని మరల తేవలెనని మేము కోరుటలేదు. ప్రజల భూమివలన ఆదాయము పొందువాఁడు ఆ భూమికి ఋణపడి యుండునను ధర్మమును మాత్రము గ్రహింపుఁడని కోరుచున్నాము.

మనయొద్ద ఆ ధర్మమెట్లున్నది? 1562లో నిర్మింపఁబడిన హుసేనుసాగరము మన కన్నులయెదుటనే మురుగునీటి పాలైనది. 2012లో జీవవైవిధ్యమును గూర్చిన ప్రపంచసభ హైదరాబాదులోనే జరిగెను. 2016లో అమీనుపూరు చెఱువునకు జీవవైవిధ్య వారసత్వస్థలమను బిరుదము లభించెను. ఉస్మానుసాగర హిమాయతుసాగరముల చుట్టును పదిమైళ్లుకాదు, పది కిలోమీటర్ల మేర 1996లో విధించిన కట్టుబాట్లను తొలఁగించు ఉత్తరువు 2022లో వెలువడెను. చెఱువుల ఆక్రమణములను తొలఁగించుటకు 2024లో హైడ్రా యను సంస్థ యేర్పడెను. బిరుదము నొకచేత, సడలింపు నొకచేత, కూల్చుటను మఱియొకచేత పంచిపెట్టు ఈ విధానములో, చెఱువును నిత్యము కనిపెట్టియుండువానికి చోటెక్కడ?

చెఱువుమీఁద బ్రతుకు ముదిరాజులు, గంగపుత్రులు, పాతవేఁటకాండ్ర సంతతివారు ఉన్నారు. వారిలో యోగ్యులకు పక్షులను చూపుటకు అనుమతిపత్రము లీయవలెను. కూలి యింతయని నిర్ణయించి, అందు కొంతభాగమును ఆ చెఱువునకే చేర్చవలెను. రాత్రివేళ వలపన్నువానిని, మట్టిలారీలతో శిఖమును పూడ్చువానిని అధికారులకు తెలుపు బాధ్యతను వారికే యొప్పగింపవలెను. వారి ఫిర్యాదును పెడచెవిని పెట్టు అధికారి సంజాయిషీ చెప్పుకొనవలెను.

ప్రజల చెఱువునకు రుసుమా యని కొందరు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. గట్టు అందఱిదిగానే యుండవలెను. బీదవాని బిడ్డ పక్షిని చూచుటకు కాసు చెల్లింపఁగూడదు. కూలికి మనిషిని పెట్టుకొనఁగల స్తోమతుగలవాఁడే చెల్లించును.

బాతు అతిథి, చెఱువు దాని విడిది. విడిదిని ముక్కలుగా అమ్ముకొని, అతిథి యేల రాలేదని దారిచూపువాని నడిగిన నేమి ప్రయోజనము? వచ్చు చలికాలమునకైనను ప్రభుత్వము మేలుకొనునా?