నడుముపై భారం తగ్గించే ఇనుప చట్రం

పల్నాడు జిల్లా వెల్దుర్తి నుంచి ఒక సోదరుడు రాసిన ఉత్తరం ఈ నెల మా ముందుంది. ఆయన ఇరవై ఏళ్లు హమాలీగా మిరప టిక్కీలు మోశారు. ఇప్పుడు నడుము సహకరించడం లేదు. డిగ్రీ చదువుతున్న కుమారుడు డెడ్‌లిఫ్ట్ సాధన చేస్తానంటున్నాడు. మామూలు కడ్డీ కాకుండా ట్రాప్ బార్ వాడితే నడుముకు ప్రమాదం తక్కువని అబ్బాయి వాదన. “నేను మోసి చెడిపోయింది చాలదా?” అని తండ్రి ఆవేదన.

ఆ ఆవేదనలో న్యాయముంది. అయితే టిక్కీ మోయడం వేరు, సాధన వేరు. టిక్కీకి సరైన పట్టు దొరకదు. 40 కిలోలకు పైబడిన ఆ బరువును వంగి, నడుము మెలితిప్పి వీపు మీదికి తీసుకోవాలి. అలసిపోయినా లారీ నిండేదాకా ఆగే వీలుండదు. సాధనలో బరువు ఎంతో, ఎన్నిసార్లు ఎత్తాలో ముందే నిర్ణయించుకుంటాము. భంగిమ చెదిరిన క్షణాన బరువు దించివేయవచ్చు. ఈ స్వేచ్ఛ హమాలీకి ఏనాడూ లేదు.

ట్రాప్ బార్ అంటే ఆరు పలకల ఇనుప చట్రం. అందుకే హెక్స్ బార్ అని కూడా అంటారు. మెడ నుంచి వీపు పైభాగం దాకా పరచుకున్న ట్రెపీజియస్ కండరం పేరు నుంచి ‘ట్రాప్’ అనే మాట వచ్చింది. నడుము గాయంతో బాధపడిన అల్ జెరార్డ్ అనే అమెరికా పవర్‌లిఫ్టర్ 1980లలో దీనిని రూపొందించాడు. మనిషి చట్రం మధ్యలో నిలబడి, రెండు పక్కల ఉన్న పిడులు పట్టుకొని లేస్తాడు. నీళ్లు నిండిన బిందెను చాచిన చేతులతో ముందుకు పట్టుకుంటే నడుము లాగుతుంది. అదే నీటిని రెండు బకెట్లలో చెరోచేత పట్టుకుంటే నిటారుగా నడవగలము. సూత్రం అదే. మామూలు కడ్డీ మోకాళ్ల ముందు ఉంటుంది కనుక వెన్నెముక అడుగుభాగంపై లాగుడు ఎక్కువ. ట్రాప్ బార్ భారం దాదాపు శరీరం గుండానే కిందికి దిగుతుంది. స్వింటన్, ఆయన సహచరులు 19 మంది పవర్‌లిఫ్టర్లను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలోనూ నడుము వద్ద ఒత్తిడి తగ్గినట్లు తేలింది. అయితే మోకాళ్ల వద్ద అది పెరిగింది. కనుక మోకాళ్ల నొప్పి ఉన్నవారు దీనిని నిర్భయంగా వాడవచ్చని అనుకోరాదు.

ఇక కొనుగోలు సంగతి. దుకాణంలో ముందుగా చూడవలసింది ప్లేట్లు ఎక్కించే కొసల లావు. 50 మిల్లీమీటర్ల కొసలకు పెద్ద రంధ్రం గల ప్లేట్లే సరిపోతాయి. ఇంట్లో ఇప్పటికే చిన్న రంధ్రం ప్లేట్లు ఉంటే అవి పనికిరావు. రెండు ఎత్తులలో పిడులున్న బార్ మేలు. ఎత్తు పిడులతో మొదలుపెట్టి, నడుము, తుంటి అలవాటు పడ్డాక దిగువ పిడులకు మారవచ్చు. చట్రం లోపల పాదాలు ఇరుకు పడకుండా నిలబడగలగాలి. కాబట్టి కొనేముందు అబ్బాయే అందులో నిలబడి చూడాలి. ఖాళీ బార్ బరువు కంపెనీని బట్టి మారుతుంది. 20 కిలోలే అనుకొని లెక్క కట్టక, ఒకసారి కాటాపై తూచండి. ఒకవైపు తెరచి ఉండే ఖరీదైన బార్లు పట్టుకొని నడవడానికి బాగుంటాయిగాని, ఇంటి సాధనకు అవి అవసరమని మేము భావించము. గేట్లు చేసే వెల్డింగ్ షాపులో బోలు గొట్టంతో చేయించుకొందామనే ఆలోచన మాత్రం వద్దు. బరువు మీద అతుకు విడిపోతే పాదం నలుగుతుంది.

చాలామంది గమనించని విషయం మరొకటుంది. పోటీలలో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అందువలన కడ్డీ నేల నుంచి 22 సెంటీమీటర్ల పైన ఉంటుంది. చిన్న ప్లేట్లు వేస్తే చట్రం బాగా కిందికి దిగుతుంది. దానిని అందుకోవడానికి వీపు గుండ్రంగా వంగిపోతుంది. బార్ కొన్న ప్రయోజనమే పోతుంది! రెండు వైపులా సమానమైన గట్టి చెక్కదిమ్మలు వేసి ప్లేట్లను వాటిపై నిలపాలి.

భంగిమ విషయంలో మనకు తెలిసిన పోలిక ఒకటుంది. రుకూలో తుంటి వద్ద వంగి వీపును సమంగా ఉంచుతాము. నమాజు వ్యాయామం కాదు, పోలిక కోసమే చెబుతున్నాము. ఇక్కడా వీపు అలాగే సమంగా ఉండాలి, కాని మోకాళ్లు వంగాలి, ఛాతీ కొంత పైకి లేవాలి. ఊపిరి తీసుకొని పొట్ట బిగించి, పాదాలతో నేలను నెడుతున్నట్లు లేవాలి. పైకి వచ్చాక వెనక్కి వాలరాదు. దించేటప్పుడు వదిలివేయక నిదానంగా దించాలి. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టరాదు. ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

మొదటి రెండు వారాలు ఖాళీ బార్ చాలు. వారానికి రెండు రోజులు, నడుమ కనీసం రెండు రోజుల విరామంతో, ఎనిమిదేసి సార్లు మూడు విడతలు చేయాలి. ఆ తరువాత భంగిమ నిలిచినంతకాలం వారానికి మొత్తం 5 కిలోలు పెంచవచ్చు. నిలవని వారం పెంచకూడదు. రమజానులో బరువు తగ్గించి, ఇఫ్తార్ తరువాత కొంత వ్యవధి ఇచ్చి చేయడం మంచిది.

అబ్బాయికి పోటీలపై మనసుంటే ఒక మాట. పవర్‌లిఫ్టింగ్ పోటీలలో ట్రాప్ బార్‌ను అనుమతించరు. మంగళగిరికి చెందిన షేక్ సాదియా అల్మాస్ 2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఆసియా పోటీలలో స్వర్ణం గెలిచింది మామూలు కడ్డీతోనే. ఆ దారిలో వెళ్లదలచినవారు శిక్షకుని వద్ద దానినీ నేర్చుకోవలసిందే. ఇంట్లోని సోదరీమణులు మాత్రం బార్ కొనేదాకా ఆగనక్కరలేదు. సమానంగా నింపిన రెండు చిన్న క్యాన్లను చెరోపక్క పెట్టుకొని, పైన చెప్పిన భంగిమలోనే ఎత్తి దించవచ్చు.

ఇక ఉత్తరం రాసిన సోదరునికి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా మీరు ఆ చట్రం జోలికి వెళ్లక ముందు ఎముకల వైద్యుని కలవండి. అబ్బాయి సాధన చేసేటప్పుడు మాత్రం పక్కన కూర్చొని ఆయన వీపును గమనించండి. అది ఎప్పుడు వంగుతోందో మీ కంటే బాగా కనిపెట్టగలవారు ఆ ఇంట్లో లేరు.