మారుపేరు స్వేచ్ఛ కాదు, సుంకం

మా హాస్టల్ గదిలో నాతో పాటు ప్రిపేర్ అయిన స్నేహితురాలు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. ఇంటర్‌లో చేరగానే ఇంట్లో గజ్జెలు అటకెక్కించారు. ఆమె మానలేదు. పగలంతా పాలిటీ చదివి, రాత్రి డాబా మీద ఆడి, వేరే పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేది. ముఖానికి మాస్కు. అభినయమే ప్రాణమైన నాట్యానికి ముఖమే లేదు! ఒకసారి వాళ్ళ పిన్ని ఆ వీడియోనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "ఎవరో గానీ పిల్ల ఎంత బాగా ఆడిందో" అని రాసింది. ఈమె ఒక దండం ఎమోజీ పెట్టి ఊరుకుంది.

ఇలాంటి కథ వింటే చాలామంది "ఎంత తెలివి, ఎంత ధైర్యం!" అంటారు. నేను ఒప్పుకోను. ఇది మనం ఆమె దగ్గర వసూలు చేస్తున్న సుంకం. మనకు కళ కావాలి, కళాకారిణి మాత్రం మన ఇంటి పిల్ల కాకూడదు.

ఈ వసూలు కొత్తది కాదు. 1935లో బాంబే టాకీస్ సినిమా 'జవానీ కీ హవా'కు పనిచేసిన ఖుర్షీద్, మానెక్ అనే అక్కచెల్లెళ్ళపై పార్సీ సమాజంలోని కొందరు నిరసనకు దిగారు. ఖుర్షీద్ సరస్వతీ దేవి అయింది, మానెక్ చంద్రప్రభ అయింది. లాహోర్‌లో శంషాద్ బేగం పాడటానికి తండ్రి పెట్టిన షరతు బురఖా వేసుకోవాలని, ఫొటో దిగకూడదని. శ్రీనగర్‌లో పదో తరగతి అమ్మాయిలు ముగ్గురు 'ప్రగాశ్' అనే బ్యాండ్ పెట్టి 2012 డిసెంబరులో సొంత ముఖాలతోనే వేదికెక్కారు. ఆన్‌లైన్‌లో బెదిరింపులు, ఆపైన ముఫ్తీ ఫత్వా. 2013 ఫిబ్రవరికల్లా బ్యాండ్ మూతపడింది. మతాలు వేరు, కాలాలు వేరు, సుంకం ఒక్కటే.

"గోప్యత ఆమె హక్కు కదా" అనవచ్చు. నిజమే, 2017 పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆ మాటే చెప్పారు. కానీ గోప్యత అంటే ఎంచుకోగలగడం. పేరు చెప్పే దారి కూడా ఉండి చెప్పకపోతే అది గోప్యత. చెప్తే చదువు మాన్పిస్తారన్న భయంతో దాచుకుంటే అది అజ్ఞాతవాసం. 19(1)(ఎ) అధికరణం కంఠతా వచ్చిన మనకు ఈ తేడా తెలియకపోతే ఎలా?

"ముందు ఉద్యోగం, తర్వాత నాట్యం" అన్నది ఇంకో వాదన. టైమ్‌టేబుల్ గురించి అయితే సరే. కానీ అదే ఇంట్లో తమ్ముడు రోజూ క్రికెట్ ఆడితే ఎవరూ బ్యాటు అటకెక్కించలేదు. అడ్డు వచ్చింది సమయం కాదు, "నలుగురూ ఏమనుకుంటారు" అన్న భయం. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ గోడ సిలబస్‌లో కన్నా ఇంట్లోనే ఎత్తుగా ఉంది.

మిత్రులారా, రేపు మనలో కొందరు జిల్లాలు నడుపుతారు. మహిళా సాధికారతపై వ్యాసం రాసే ముందు మన చెల్లెలి గజ్జెలు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకుందాం.

మెయిన్స్‌కు ముందు నింపే డీఏఎఫ్‌లో హాబీల గడి ఒకటి ఉంటుంది. పన్నెండేళ్ళు నాట్యం చేసిన మా స్నేహితురాలు ఆ ఫారం నాన్నగారి చేతికి కూడా వెళ్తుందని, అందులో "పుస్తక పఠనం" అని రాసింది.