పడకలు లెక్కపెడితే సరిపోదు



మానసిక వ్యాధి నుంచి కోలుకున్నవారికి ఆసరాగా నడిపే గృహాల నాణ్యతను గదులు, పడకలు, వంటగది చూసి తేల్చాలన్న మీ గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు అగ్నికి ఆహుతయ్యారు. భవన భద్రత చూడాల్సిందే. కానీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అక్కడితో ఆగలేదు. 19వ సెక్షన్ నలుగురి మధ్య బతికే హక్కునిచ్చింది. బలవంతంగా గుండు గీయకూడదని, సొంత బట్టలు కట్టుకోనివ్వాలని, చేసిన పనికి కూలి ఇవ్వాలని 20వ సెక్షన్ చెప్పింది. గుండు సంగతి కూడా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే లోపల ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. కాబట్టి తనిఖీకి వెళ్లినవారు అడగాల్సింది వేరు: గది తాళం ఎవరి దగ్గరుంది? పింఛను ఎవరి చేతికందుతోంది? రథసప్తమికి అరసవల్లి గుడికి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి?

ఇవి కొలతకు అందవని, రోగి మాట నమ్మలేమని కొందరంటారు. కానీ ఇలాంటివి పరిశీలించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ‘క్వాలిటీ రైట్స్’ పద్ధతిని ఇచ్చింది. ఆ పద్ధతిలో, గృహంలో ఉంటున్నవారితో ముఖాముఖి, ప్రత్యక్ష పరిశీలన, రికార్డుల తనిఖీ మూడూ ఉన్నాయి. ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది. స్వేచ్ఛ ఇస్తే ప్రమాదమన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే చెన్నైకి చెందిన ‘ది బాన్యన్’ సంస్థ ‘హోమ్ ఎగైన్’ పేరుతో, ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవారిని మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో, సహాయకుల తోడుతో ఉంచుతోంది. మన జిల్లావారికి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అంటే అరసవల్లి నుంచి నూరు కిలోమీటర్లు దాటి ఉన్న విశాఖ చినవాల్తేరే. అందుకే ఇక్కడా ‘హోమ్ ఎగైన్’ లాంటి ఇళ్లు కావాలి; అవి వెలిస్తే తనిఖీ నివేదికలను తెలుగులో బయటపెట్టాలి, అక్కడ ఉంటున్నవారి మాటలతో సహా.

– ఒక పాఠకుడు, అరసవల్లి