పద్దెనిమిది పనుల్లో మనం అడిగేది ఒక్కటేనా?



మన రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు అని ఒకటి ఉంది. పట్టణాల్లో మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనులన్నీ అందులో వరుసగా రాసి ఉన్నాయి. మొత్తం 18. తాగునీరు, రోడ్లు, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త తొలగింపు, మురికివాడల అభివృద్ధి, పేదరిక నిర్మూలన, పార్కులు, ఆటస్థలాలు, వీధి దీపాలు, బస్టాపులు, మరుగుదొడ్లు. ఈ వరుసలో 14వది సమాధి స్థలాలు, శ్మశానాలు.

మన సంఘాల పెద్దలు మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కేది చాలావరకు ఆ 14వ పని కోసమే. చనిపోయినవారికి ఆరడుగుల నేల అడగడం న్యాయమే. ఆ నేల కోసం శవాన్ని ముందు పెట్టుకుని ఏడ్చిన కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. కానీ మిగిలిన 17 పనులు ఎవరివి? బతికున్న మనుషులకు కుళాయి నీళ్లు, పొంగని మురుగుకాలువ, చీకటి పడ్డాక ఆడపిల్ల నడవగల వీధి ఎవరు అడగాలి? చచ్చాక కావలసిన స్థలం కోసం కలిసి వెళ్లే సంఘం, బతకడానికి కావలసినవాటి కోసం ఎందుకు కదలదు?

మేము ఈ మాట కోపంతోనే రాస్తున్నాం. బెంగళూరులో, చెన్నైలో, సోలాపూర్‌లో, బరంపురంలో, యానాంలో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు క్రైస్తవులం మనం. ఊరు మనదే అంటాం. ఊరి నిర్ణయాలు జరిగే చోట మాత్రం మన కుర్చీ ఖాళీగా ఉంటుంది.

చట్టం ఇచ్చినది

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోని 243ఎస్ అధికరణం చెబుతుంది. పక్క వీధి సమస్య మీద పక్క వీధివారే కూర్చుని మాట్లాడాలన్నది దీని ఉద్దేశం.

కర్ణాటక 2011లో చట్టం సవరించి, 2016లో నియమాలు రాసింది. వాటి ప్రకారం వార్డు కమిటీకి నామినేట్ చేసే పదిమందిలో కనీసం ముగ్గురు మహిళలు, ఇద్దరు ఎస్సీ ఎస్టీలు, నివాసుల సంఘాల నుంచి ఇద్దరు ఉండాలి. తమిళనాడులో 2022 నవంబరు 1న తొలిసారి ఏరియా సభలు జరిగాయి. పల్లెలో గ్రామసభ ఎలాగో పట్టణంలో ఏరియా సభ అలాగన్నమాట. ఒడిశాలో జాగా మిషన్ కింద బస్తీవాసులే సంఘాలుగా ఏర్పడి, తమ వీధి పనుల్లో భాగస్వాములయ్యే ఏర్పాటు వచ్చింది.

ఇవేవీ పూర్తి అధికారాలు కావు. కమిటీ తీర్మానం చేసినా కమిషనర్ పక్కన పెట్టవచ్చు. పెద్ద నగరాల్లో అనేక వార్డులకు కలిపి ఒకే కమిటీ పెట్టి, పేరుకు మాత్రం చట్టాన్ని పాటించిన చోట్లూ ఉన్నాయి. అయినా తలుపు కొంచెం తెరిచి ఉంది. ఆ తలుపు దగ్గర మనం లేము. పార్కులో నడకకు వచ్చే పెద్దమనుషులు ఉన్నారు, అపార్టుమెంటు సంఘాలవారు ఉన్నారు, కాంట్రాక్టర్ మనుషులు ఉన్నారు. మురుగుకాలువలో దిగే మనిషి లేడు, అతని భార్య లేదు, వారి పాస్టరు గారూ లేరు.

ప్రభుత్వాలు చేసినది

మునిసిపాలిటీ గడువు ఐదేళ్లే అనీ, గడువు తీరకముందే ఎన్నికలు జరగాలనీ రాజ్యాంగం తేటగా చెప్పింది. జరిగింది చూడండి.

బెంగళూరు పాలికె సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లు ఎన్నికైన సభ్యుడు ఒక్కడూ లేకుండానే గడిచిపోయాయి. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. చెన్నైలో 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా కౌన్సిలరే లేడు. ముంబయిలో 2022 మార్చిలో గడువు ముగిశాక ఏళ్ల తరబడి పరిపాలకుడి చేతిలోనే నగరం నడిచింది. యానాం సంగతి మరీ ఘోరం. పుదుచ్చేరి ప్రాంతమంతటా 1968 తర్వాత మళ్లీ మునిసిపల్ ఎన్నికలు జరిగింది 2006లో. ఆ గడువు 2011లో తీరింది. ఆ తర్వాత ఎన్నిక లేదు. ఇవాళ యానాంలో ఓటు హక్కు వచ్చిన యువకుడు తన జీవితంలో ఒక్కసారి కూడా వార్డు సభ్యుడికి ఓటు వేసి ఎరుగడు.

ఎన్నికైన సభ్యుడు లేకపోతే నష్టం ఎవరికి? ఆఫీసర్‌కు ఫోన్ చేయగలవాడికి ఏమీ కాదు. వాడి వీధిలో దీపం మరునాటికే వెలుగుతుంది. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌ను దాటలేనివాడికే కౌన్సిలర్ అవసరం. కాబట్టి ఎన్నికలు ఆపడమంటే పేదవాడి ఒక్క మెట్టునూ తీసేయడం. దీని మీద మన సినడ్లు, డయోసిస్‌లు, పాస్టర్ల ఫెలోషిప్‌లు ఎన్ని తీర్మానాలు చేశాయి? కన్వెన్షన్ పందిళ్లకు పోలీసు అనుమతి కోసం రాసిన అర్జీలతో పోల్చి చూడండి.

శాలువా కప్పి బోరు అడగడం

ఎన్నికలు జరిగే చోట మన తీరు ఇంకొకటి. పోలింగ్‌కు ముందు ఆదివారం అభ్యర్థిని వేదిక మీదికి పిలుస్తారు. శాలువా కప్పుతారు, ప్రార్థన చేస్తారు. తర్వాత చర్చి ఆవరణకు ఒక బోరో, ప్రహరీ గోడకు కొంత సిమెంటో అడుగుతారు. దీన్ని కొందరు కాపరులు సంఘ క్షేమం అంటున్నారు. మేము దీన్ని బేరం అంటాం. సంఘంలోని రెండు వందల ఓట్లను ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి ఒక బోరుకు ఇచ్చేసే బేరం. ఆ బోరు నీళ్లు చర్చి గేటు దాటవు. గేటు బయట మన విశ్వాసురాలే బిందెతో ట్యాంకర్ కోసం నిలబడి ఉంటుంది.

హక్కుగా రావలసినదాన్ని ఉపకారంగా పుచ్చుకుంటే రెండు నష్టాలు. ఇచ్చినవాడిని రేపు ప్రశ్నించలేం. పక్కింటి హిందూ సోదరుడు, ముస్లిం సోదరి మనల్ని తమతో నిలబడేవారిగా కాక, తమకంటే ముందు వరుసలో దూరినవారిగా చూస్తారు.

ఈ పట్టణాల్లో మనం ఎవరం?

బెంగళూరు వీధులు తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికుల్లో రాయలసీమ నుంచి వచ్చిన దళిత కుటుంబాలు ఎన్నో. చెన్నైలో చీపురు పట్టిన చేతుల్లో తెలుగు మాట్లాడే చేతులు తక్కువేం కాదు. సోలాపూర్‌లో మగ్గాల మీద, బీడీల పని మీద బతికిన తెలుగు ఇళ్లు వేలల్లో ఉన్నాయి. 2025 ఆగస్టులో చెన్నై రిపన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు పని ప్రైవేటుపరం చేయవద్దంటూ దాదాపు రెండు వారాలు కూర్చున్నారు. చివరికి అర్ధరాత్రి పోలీసులు వారిని ఎత్తి తీసుకెళ్లారు. ఊరిని శుభ్రం చేసేవారికి ఊరి మీద మాట లేదని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మళ్లీ తెరవండి. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూశారు. అది భాషా అల్పసంఖ్యాకుల ఫిర్యాదు. సణగకండి, ప్రార్థన చేసుకోండి అని అపొస్తలులు వారి నోరు మూయలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పంపకాన్నే వారి చేతికి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయం పొందిన భాషవారికే బల్ల దగ్గర అధికారం ఇచ్చారు. కన్నడ ఊళ్లో, తమిళ ఊళ్లో తెలుగువాళ్లం మనకెందుకులే అనే విశ్వాసికి ఇదే మా జవాబు.

వినబడే అభ్యంతరాలు

మన పౌరసత్వం పరలోకంలో ఉంది కదా అంటారు. ఆ మాట పౌలు రాసింది ఫిలిప్పీయులకు. అదే ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా తనను కొట్టించి చెరలో వేశారు. మరునాడు న్యాయాధిపతులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు వెళ్లలేదు. తాను రోమీయుడినని చెప్పి, వారే వచ్చి తనను బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. వారు వచ్చి బతిమాలుకున్నారు. పరలోక పౌరసత్వం గురించి రాసిన చేయి భూమి మీది పౌరసత్వాన్ని వదులుకోలేదు.

రాజకీయం మురికి అంటారు. నెహెమ్యా మూడో అధ్యాయంలో గోడ కట్టినవారి జాబితా ఉంది. అందులో మొదటి పేరు ప్రధానయాజకుడిది. కంసాలులు ఉన్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు ఉన్నారు, తండ్రితో కలిసి కుమార్తెలు పనిచేశారు. పెంట గుమ్మాన్ని బాగుచేసినవాడు మల్కీయా. అతడు ఒక ప్రదేశానికి అధిపతి. ఊరి చెత్త బయటికి పోయే గుమ్మం కట్టడం అధిపతికి అవమానం కాలేదు. పనికి మెడ వంచనివారు తెకోవ ఘనులు మాత్రమే. మన సంఘ పెద్దలు తాము ఏ వరుసలో ఉన్నారో చూసుకోవాలి.

ఎస్సీ స్థానం మనకు రాదు కదా అంటారు. ఇది నిజమైన గాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. బాప్తిస్మం పొందిన దళితుడు ఇంకా బయటే ఉన్నాడు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపు అడ్డు తీసేయమని చెప్పినా తీయలేదు. ఆ పోరాటం సాగాలి. అంతవరకు మహిళల స్థానాలు, నివాసుల సంఘాల స్థానాలు మనకు మూసి లేవు. ఏరియా సభలో నిలబడి మాట్లాడటానికి కుల ధ్రువపత్రం ఎవరూ అడగరు.

చేయవలసినది

ప్రతి సంఘం ఇద్దరిని వార్డు పనికి ఏర్పరచాలి. ఒకరు స్త్రీ, ఒకరు పాతికేళ్ల లోపు యువతో యువకుడో. వారి మీద చేతులుంచి ప్రార్థన చేయండి. సండేస్కూలు టీచర్‌ను గౌరవించినట్టే వారినీ గౌరవించండి.

ఆ ఇద్దరూ మొదట వీధులు తిరగాలి. వెలగని దీపాలు, పొంగే కాలువలు, నీళ్లు రాని కుళాయిలు లెక్క రాయాలి. ఎవరి ఇంటి ముందు అన్నది రాయాలి, ఏ మతం ఇల్లు అన్నది కాదు. అర్జీ ఊరి భాషలో రాయాలి. కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీ బడుల్లో చదివిన పిల్లలు మనకు దేవుడిచ్చిన వరం. అమ్మ తెలుగులో చెబుతుంది, కూతురు ఊరి భాషలో రాస్తుంది. రసీదు లేకుండా ఏ అర్జీ ఇవ్వకూడదు.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో, వార్డుకు ఎంత మంజూరైంది, ఏ కాంట్రాక్టర్‌కు ఎంత బిల్లు చెల్లించారు, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కట్టని కాలువకు బిల్లు కనబడితే, ఆ కాగితమే మీ సాక్ష్యం.

ఆదివారం ప్రకటనల్లో ఉపవాస ప్రార్థన తేదీతో పాటు వార్డు సభ తేదీ కూడా చదవాలి. వీధిలోని ఇతర మతాలవారితో కలిసి నివాసుల సంఘం రిజిస్టర్ చేయాలి. ఎన్నికలు జరపని చోట, ముఖ్యంగా యానాంలో, ఎన్నిక అడగడమే మొదటి అర్జీ కావాలి. బిషప్పులు, అధ్యక్షులు దాని మీద సంతకం చేయాలి. ఈసారి వేదిక మీదికి అభ్యర్థి వస్తే శాలువా వద్దు. మీరు రాసుకున్న లెక్క చేతికిచ్చి, మిగతా 17 పనుల గురించి సభ ముందు జవాబు అడగండి.

సమాధి స్థలం కూడా అడగండి. కానీ ముందు అది ఇంత తొందరగా అవసరం పడకుండా చేసే నీళ్లు, కాలువ, ఆసుపత్రి, కార్మికుడి చేతికి గ్లౌజు, కాలికి బూటు అడగండి.